కావలి పోయిన కొర్రమట్ట పిల్లలు

ఆ పొద్దున ఆరున్నర కావస్తోంది. చెరువు కట్ట దిగి, తూముకు ఎడమ పక్క తుంగ మొలిచిన చోట మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. రెండు బారల దూరంలో నీటి పైన ఎర్రగా ఏదో కదిలింది. కొర్రమీను పిల్లలు. మా పాలమూరులో కొర్రమట్ట అంటాం. పుట్టిన కొత్తలో ఇవి మిరపగింజ కన్నా కొంచెం పెద్దగా, పండుమిరప రంగులో ఉంటాయి. వందలాది పిల్లలు ఒక్క ముద్దగా తిరుగుతాయి. ఒక్కసారే పైకొచ్చి గాలి మింగుతాయి, ఒక్కసారే మునుగుతాయి. వాటి కింద, మనకు కనపడని లోతులో, కన్న చేప కావలి ఉంటుంది.

ఆ రోజు అవి ముద్దగా లేవు. పది ఇటు, ఇరవై అటు. కొన్ని నా కాళ్ల దగ్గరికే వచ్చేశాయి. వంగి చెయ్యి పెట్టాను. పిల్లల వైపు చెయ్యి పోతే కింది నుంచి పెద్ద చేప లేచి తోకతో నీళ్లు చరుస్తుంది, మీద పడినంత పని చేస్తుంది. ఏదీ లేవలేదు. మళ్లీ పెట్టాను. నీళ్లు అట్లాగే ఉన్నాయి. తుమ్మకొమ్మ మీది లకుముకి పిట్ట దూకి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది. దాన్ని అదిలించేది ఏదీ ఆ నీళ్లలో లేదు.

నాకు భయం పుట్టింది అప్పుడే. అది మే నెల. కొర్రమట్టకు పిల్లలు ఉండకూడని నెల. చెరువులో ఉన్న పెద్ద కొర్రమట్టలన్నీ ఏరేయమని ఆ ఊరి చేపలు పట్టేవాళ్ల సంఘానికి చెప్పింది నేనే.

ముప్పై నాలుగేళ్ల రిటైర్మెంటు

రిటైరయ్యాను అంటే మా ఆయన నవ్వుతాడు. నాకు ముప్పై నాలుగేళ్లు. పదకొండేళ్లు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చెరువుల మీద పని చేశాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చేపలు పట్టేవాళ్ల సంఘాల దగ్గరికి పోవడం, చెరువులో నీళ్లెట్లున్నాయి, ఏ చేపలున్నాయి చూడటం, ఏ నెలలో ఏం చేయాలో చెప్పడం నా ఉద్యోగం. ప్రాజెక్టు అయిపోయింది. మా చిన్నోడికి ఎండలు ముదిరితే ఆయాసం వస్తుంది. రెండూ ఒక్క ఏడే జరిగాయి, నిరుడు మానేశాను. మళ్లీ పోతానో లేదో తెలియదు.

ఇప్పుడు అటువంటి పనే మళ్లీ మొదలవుతోందట. కల్వకుర్తి నుంచి మమత అనే అమ్మాయి, జువాలజీ చదివింది, చేరబోతోంది. "నోట్సు ఏమన్నా ఉంటే ఇయ్యక్కా" అని ఫోన్ చేసింది. నోట్సు ఉన్నాయి. నీళ్ల వేడి రాసుకున్న పుస్తకాలు, చేపల బొమ్మలు, సంఘాల పేర్లు అన్నీ ఇచ్చేస్తాను. వాటిలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాకే నాకు కలం పట్టే వీలు, కనుక అక్కడక్కడ తెగినట్టుంటే సర్దుకోండి.

మమతకు స్కూటీ వచ్చా అని అడుగుతారు. ఫోన్‌లో ఫారాలు నింపడం వచ్చా అని అడుగుతారు. నాకన్నా పెద్దామె ఒకామె చెప్పేది నిలబడి వినడం వచ్చా అని నన్నెవరూ అడగలేదు. అడిగుంటే వచ్చు అనేదాన్నే. అబద్ధమని నాకే తెలిసేది కాదు.

సారు పెట్టించిన చెయ్యి

మా సంస్థలో నాకు పని నేర్పిన సారు వనపర్తి మనిషి. చేపల శాస్త్రం చదివి, దేశమంతా తిరిగి, చివరికి ఈ చెరువుల దగ్గరికే వచ్చి పడ్డాడు. చేరిన మొదటి రోజు కొత్తకోట అవతలి చెరువుకు తీసుకుపోయి, "మోచేయి దాకా చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను.

"ఎట్లున్నయి?"

"చల్లగున్నయి సార్."

"మాపటికి మల్ల పెట్టు."

నెల రోజులు అదే పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. డిగ్రీ చదివింది ఇందుకా అని ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. నెల దాటాక థర్మామీటరు చేతికిచ్చాడు. "నీ చేతిని నమ్మనోళ్లకు చూపెట్టనీకి ఇది" అన్నాడు.

ఆయన పుణ్యాన నా చేతికి చెరువు తెలిసింది. నేను చేరిన కొత్తలో ఏప్రిల్ తెల్లవారు జామున చెయ్యి పెడితే జివ్వుమనేది. చివరి ఏళ్లలో అదే నెలలో, అదే వేళకు, గోరువెచ్చగా తగిలేది. పగలు కాగిన నీళ్లు రాత్రి చల్లారడం మానేశాయి. వేడి నీళ్లలో ఊపిరి తక్కువ. చెరువులో అన్నింటికన్నా ముందు ఆ సంగతి తెలిసేది పరకలనే చిన్న చేపలకు. అవి ఒడ్డున, లోతు లేని నీళ్లలో బతుకుతాయి. ఒడ్డు నీళ్లు కాగితే వాటికి పోయే చోటు లేదు. పరకలు తగ్గితే వాటి మీద బతికే కొంగలు వేరే చెరువు చూసుకుంటాయి. పరకలు తినే దోమపిల్లలు మిగిలిపోతాయి, ఊళ్లో జ్వరాలు పెరుగుతాయి. బురదమట్ట వంటి మొండి చేపలు మిగులుతాయి. బయటి నుంచి చూసేవాళ్లకు చెరువులో నీళ్లున్నాయి, చేపలున్నాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇంత తెలిసిన సారులో ఒక లోపం ఉంది. మనుషుల సంగతి వచ్చేసరికి ఆయన సగం మందినే చూశాడు. "మొగోళ్లు పడతరు, ఆడోళ్లు అమ్ముతరు. మనకు పట్టేటోళ్లతోనే పని" అనేవాడు. మీటింగు పెడితే మగవాళ్లే కూర్చునేవాళ్లు. నేను ఆడదాన్నే అయ్యుండి పదేళ్లకు పైగా అది తప్పని అనుకోలేదు. మంచి గురువు దగ్గర విద్యతో పాటు ఆయన గుడ్డితనం కూడా అంటుతుంది. దాన్ని కనిపెట్టడం విద్య నేర్వడం కన్నా కష్టం.

గట్టులో విషం

ఇది చేరిన మూడో ఏడు సంగతి. గట్టు అనే ఊరి దగ్గర ఒక కుంటను మహబూబ్ భాయ్ కౌలుకు తీసుకుని చేపలు పెంచేవాడు. ఒక పొద్దున ఫోన్ చేశాడు. "మేడం, జల్ది రాండ్రి. నా చేపలు మొత్తం ఖతం."

పోయేసరికి కుంట నిండా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి. గట్టు మీద మహబూబ్ భాయ్, పక్క చేను హనుమంతు ఒకరి మీద ఒకరు పోతున్నారు. హనుమంతుది విత్తనాల కోసం పెంచే సీడు పత్తి. ముందురోజు మందు కొట్టాడు. మందు పంపు కుంటలోనే కడిగాడని మహబూబ్ భాయ్ అనుమానం.

"నీ చేపలతోని నాకేం పని భాయ్? నేను మాల ఏసుకున్నోన్ని, నీసు వాసనే పడది నాకు!" అంటున్నాడు హనుమంతు.

"వాసన పడకనే సంపినవ్!"

పంపు గట్టు మీదే ఉంది. నాకు ఇంకేం కావాలి? "శాంపిల్ తీసి పంపుదాం. విషమని తేలితే కేసు పెట్టొచ్చు" అన్నాను. కేసు అన్న మాటతో ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. హనుమంతు ముఖం పాలిపోయింది.

మధ్యాహ్నానికి సారు వచ్చాడు. పంపు వైపు చూడను కూడా లేదు. "మొన్నటి దాకా ఎండలు కాసినయి గదా? నిన్న, ఇయ్యాల మబ్బు పట్టిందా? గాలి కొట్టిందా?" అని అడిగాడు. మబ్బు పట్టింది, గాలి లేదు. తరవాత నీటి అంచు చూపించాడు. కప్పలు వరసగా కూర్చుని ఉన్నాయి. నీటి పురుగులు పరుగెడుతున్నాయి. "విషమైతే ఇవి బతుకుతయా?" అన్నాడు. రోజుల తరబడి కాగిన నీళ్లు, మీద పచ్చటి పాచి, గాలి లేని మబ్బు. తెల్లారేసరికి నీళ్లలో ఊపిరి అయిపోయింది. పెద్ద చేపలు ముందు పోయాయి.

హనుమంతు ఇంటికి పోయి క్షమించమని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. "మీరు సదువుకున్నోళ్లు మేడం. మీ నోట్లెకెల్లి కేసు అని వస్తే మా ఇంట్ల రెండు పూటలు పొయ్యి ఎలగలే" అన్నాడు.

ఏదైనా చచ్చిపడి ఉన్న చోట బతికున్నవి ఏవో ముందు చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. నా నోటి మాటకు నేననుకున్న దానికన్నా బరువుందని కూడా నేర్చుకోవలసింది. ఆ రెండోది నాకు అప్పుడు ఎక్కలేదు.

తొందరపడ్డ వాన

మిరుగం నాడు, అంటే జూన్‌లో మృగశిర కార్తె మొదలైన రోజు, చేప తినాలని మన దగ్గర అందరికీ తెలుసు. చేపలు పట్టేవాళ్లకు మిరుగం ఇంకో లెక్క. మిరుగం దాకా పట్టు, మిరుగం దాటితే వల ఆరెయ్యి అంటారు. దానికి అర్థముంది. మృగశిర కార్తెలో తొలకరి పడి కొత్తనీళ్లు గడ్డిలోకి ఎక్కితే కొర్రమట్ట జతలు ఒడ్డుకొచ్చి, గడ్డి మధ్య గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెడతాయి. అంతకుముందు చెరువులో ఉండేవి పిల్లలు లేని పెద్ద చేపలే. వాటిని పట్టుకుంటే పాపం లేదు, నష్టం లేదు.

మా పుస్తకం కూడా అదే చెబుతుంది, వేరే కారణంతో. వానాకాలంలో చెరువులో రవ్వు, బొచ్చె పిల్లలను వదులుతారు. కొర్రమట్ట వేటాడే చేప. ఆ పిల్లలను తినేస్తుంది. కాబట్టి ఎండాకాలంలోనే పెద్ద కొర్రమట్టలను ఏరేయాలి. ఈ మాట నేను ఎన్ని చెరువుల దగ్గర చెప్పానో. తప్పు మాట కాదు. తొలకరి తొలకరిలా వచ్చినన్నాళ్లు తప్పు కాదు.

నేను చెబుతున్నది నా ఉద్యోగం చివరి ఎండాకాలం. మే నెల నడుమ రెండు రోజులు కుండపోతగా కురిసింది. చెట్లు విరిగాయి, వాగు పారింది, చెరువు గడ్డి దాకా ఎక్కింది. మేమంతా సంతోషపడ్డాం. మొదట్లో నేను చెప్పిన చెరువు ఉన్న ఊరి సంఘం అధ్యక్షుడు వెంకటయ్యకు ఫోన్ చేసి, "నీళ్లొచ్చినయి గదా, ఈసారి పిల్లలను ముందే వదలొచ్చు. పెద్ద కొర్రమట్టలను జల్ది ఏరెయ్యుండ్రి" అన్నాను. మూడో రోజు నుంచి ముందుకన్నా గట్టిగా ఎండ కాసింది. ఆకాశం తుడిచిపెట్టినట్టైంది.

చేపలకు క్యాలెండరు లేదు. కొత్తనీళ్ల వాసన, గడ్డిలోకి ఎక్కిన నీళ్లు, చల్లబడ్డ గాలి, ఇవే వాటికి మిరుగం. అవి గుడ్లు పెట్టేశాయి. వాటి వెనక రావలసిన వానలు మాత్రం రాలేదు.

బాలమ్మ చెప్పిన మాట

బాలమ్మ ఆ ఊరిదే. హైవే పక్కన, కొత్తకోటలో చేపలమ్ముతుంది. టబ్బులో నీళ్లు పోసి కొర్రమట్టలను బతికున్నవి బతికున్నట్టే పెడుతుంది, పైన తడి గోనెసంచి కప్పుతుంది. భర్త పోయాక కొడుకు శేఖర్‌ను ఆ టబ్బు మీదే పెంచింది. పదకొండేళ్లు ఆమె ముందు నుంచి స్కూటీ మీద పోయాను. చేపలు కొన్నాను. పని సంగతి ఒక్కసారి అడగలేదు.

ఆ వాన పడిన వారానికి ఆమే నన్ను ఆపింది.

"మేడమ్మా, జర ఆగు. మా పోరగాళ్లు గాలానికి కప్పను గుచ్చి పిల్లల మీద ఆడిస్తుండ్రు. నువ్వే చెప్పినవంట?"

"ఏం పిల్లలవ్వా?"

"ఏం పిల్లలేంది? కొర్రమట్ట పిల్లలు. ఎర్రగ తిరుగుతున్నయి గడ్డిల."

"మిరుగమే రాలే గదవ్వా. గిప్పుడు కొర్రమట్ట పిల్లలు యాడికెల్లి వస్తయి? వేరేవై ఉంటయి."

పక్క షెడ్డులో లారీ కింద పడుకున్న మెకానిక్ గట్టిగా నవ్వాడు. "మేడం కాయిదంల లేదంట బాలమ్మా. గందుకే అవి పుట్టలే!"

"నువ్వు నోర్ముయ్ రా, నట్టు బిగించుకో" అని నా వైపు తిరిగింది. "నీ బిడ్డ వంద మంది పోరగాండ్లల్ల ఉన్నా గుర్తువడ్తవా లేదా? నాకు కొర్రమట్ట పిల్ల తెల్వదా? పిల్లల తల్లిని మేం పట్టం బిడ్డా. మా అత్త కాలంకెల్లి లేదు. అది ఆకలికి గాలం మింగది. పిల్లల మీదికొచ్చింది ఏందో అని కోపానికి మింగుతది. గట్ల పట్టుడు పట్టుడే గాదు."

"తల్లేనా అది? తండ్రి కావలి ఉంటదని మా పుస్తకంల ఉంది" అన్నాను. ఏదో ఒకటి నాకే ఎక్కువ తెలుసని అనిపించుకోవాలి కదా.

"తల్లో తండ్రో, కావలి ఉన్నదా లేదా? వద్దని చెప్పు వాండ్లకు. నా మాట వింటలేరు. మేడం చెప్పింది అంటుండ్రు."

"సరే అవ్వా, వచ్చి చూస్త" అన్నాను.

చూడటానికి పోయింది వారం తరవాత. ఆ వారంలో చిన్నోన్ని రెండుసార్లు దవాఖానకు తీసుకుపోయాను, వేరే మూడు చెరువులు తిరిగాను. ఇవి నిజాలే. అసలు నిజం, నేను ఆమెను నమ్మలేదు. నమ్మి ఉంటే ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది.

ఆ పగలు

ఆ పొద్దున నీళ్లలోంచి పైకొచ్చేసరికి శేఖర్ కట్ట మీద గాలం సర్దుకుంటున్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు.

"మేడం, నిన్న ఒక్కనాడే నాలుగు పడ్డయి. ఈసారి మస్తు తేలిగ్గ దొర్కుతున్నయి."

"తేలిగ్గ ఎందుకు దొర్కుతున్నయో తెల్సా?"

తల దించుకున్నాడు. "అమ్మ చెప్పింది. కానీ మీరే ఏరెయ్యమంటిరి గదా."

ఆ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది.

గాలి నింపిన లారీ ట్యూబు మీద నన్ను చెరువు పైభాగానికి తీసుకుపోయాడు. వానకు గడ్డిలోకి ఎక్కిన నీళ్లు వెనక్కి తగ్గి, అక్కడ ఒక మడుగు మిగిలింది. చెరువుకూ దానికీ మధ్య చీలమండ లోతు నీళ్లే ఉన్నాయి. మడుగులో రెండు ఎర్ర గుంపులు తిరుగుతున్నాయి. శేఖర్ గాలం కర్ర నీళ్లకు ఆనించగానే కింది నుంచి ఒకటి లేచి కర్రను కొట్టింది. రెండో గుంపు దగ్గరా అంతే. వీటికి కావలి ఉంది. సంతోషించే లోపే మడుగు అంచు చూశాను. బురద మీద పిల్లలు పడి ఉన్నాయి. చచ్చిన పిల్లకు ఎరుపు ఉండదు, పాలిపోయి బియ్యపు నూకలా ఉంటుంది. మధ్యాహ్నం దాకా ఉండి చెయ్యి పెట్టాను. స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి. ఎక్కువసేపు ఉంచలేకపోయాను.

రెండు పనులు కావాలి. మడుగు నుంచి లోతు నీళ్ల దాకా కాలువ తవ్వాలి. మిరుగానికి వేయబోయే పెద్ద వల ఆపాలి, గాలాలు ఆపాలి. ఏడాదిలో ఆ ఊరికి అన్నిటికన్నా పెద్ద అమ్మకం మిరుగానిది. దాన్ని మానుకోమనాలంటే ఎందుకో చెప్పాలి.

సారుకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "అకాల వాన వచ్చింది, వాతావరణం మారింది, అందుకే గిట్లయింది అని చెప్పు. అబద్ధం గాదు గదా. నీ పేరు, సంస్థ పేరు ఎందుకు తీస్తవు? రేపటికెల్లి ఏ ఊర్ల గూడ మన మాట వినరు" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే అన్నాడు. ఆ మాట నిజం కావడమే అందులోని ప్రమాదం. వాన నెల ముందు వచ్చింది, నిజం. ఎండ నీళ్లను కాచింది, నిజం. కావలి ఉన్నా ఆ ఎండకు ఎన్ని పిల్లలు మిగిలేవో ఎవరూ చెప్పలేరు, అదీ నిజం. ఇన్ని నిజాల వెనక నేను హాయిగా దాక్కోవచ్చు. మమతా, ఈ రోజుల్లో ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇదొక కొత్త వసతి. మన తప్పులన్నీ ఆకాశం మీద వేయొచ్చు. ఆకాశం జవాబు చెప్పదు, జనం నమ్ముతారు కూడా. కానీ అట్లా వేసినప్పుడల్లా మనం మార్చుకోగలిగింది ఒకటి మార్చుకోకుండా పోతుంది. కార్తెలు కదిలిపోయిన కాలంలో తేదీ చూసి సలహా ఇవ్వడం మానాలి, నీళ్లు చూసి ఇవ్వాలి. వాటిని రోజూ చూసేవాళ్లను అడిగి ఇవ్వాలి. ఆ ఊళ్లో రోజూ చూసే మనిషి వచ్చి స్కూటీ ఆపి మరీ చెప్పింది.

సంఘం దగ్గర జరిగింది

సంఘం మర్నాడు సాయంత్రం కూర్చుంది. అదే రోజు పొద్దున మా ఇంట్లో జరిగింది చివర రాస్తాను, ముందు ఇది చెప్పేస్తాను.

ఉన్నదంతా చెప్పాను. నేనేం చెప్పాను, బాలమ్మ ఏం చెప్పింది, నేనెందుకు రాలేదు. బాలమ్మ గుమ్మం బయట మిగతా ఆడవాళ్లతో నిలబడి ఉంది.

"అంటే మీ మాట విని మేం గాడిదలమైనమన్నట్టు" అన్నాడు వెంకటయ్య.

"నేనే అయిన."

"ఇగ మీరేం చెప్పినా మేం బాలమ్మను అడిగే చేస్తం" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు. ఎగతాళికే అన్నారు.

"గదే చెయ్యుండ్రి" అన్నాను. బయట నుంచి బాలమ్మ, "లోపలికి పిలిస్తె గద చెప్పేది, గుమ్మంల నిలవెట్టి ఏం అడుగుతరు?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటయ్య జరిగి చాప మీద చోటిచ్చాడు.

చెరువు పై సగంలో వల, గాలం రెండూ బంద్ చేశారు. మిరుగానికి కింది సగంలోనే చిన్న వల వేశారు. అందరూ మాట నిలబెట్టుకున్నారని చెప్పను. ఇద్దరు ముగ్గురు చాటుగా గాలం వేశారు. శేఖర్, ఇంకో ఆరుగురు రెండు రోజులు పార పట్టి కాలువ తీశారు. ఒక గుంపు కావలి చేపతో సహా లోతుకు పోయింది. ఇంకోటి కదలలేదు. దాన్ని తరిమితే పిల్లలు చెదిరిపోతాయని బాలమ్మ ముట్టనివ్వలేదు. మడుగు అయిదు రోజులకు బురదైంది. తొలకరి జులై దాకా రాలేదు.

మరుసటి ఏడు ఆ చెరువులో శేఖర్ రెండు గుంపులు చూశానన్నాడు. నేను ఒకటే చూశాను. వెనకటి రోజుల్లో ఎన్ని ఉండేవని బాలమ్మను అడిగితే, "లెక్కబెట్టేటంత తక్కువ ఎన్నడున్నయి?" అంది.

సారుతో తరవాత కూడా కలిసి పని చేశాను. ఆ రోజు ఫోన్‌లో అన్న మాటను ఆయన మళ్లీ ఎత్తలేదు. కానీ తరవాతి మీటింగులో చాపలు వేస్తుంటే, "ఆడోళ్లకు గూడ ముందటనే వెయ్యుండ్రి" అన్నాడు. ఆయన్నుంచి అంతకన్నా ఆశించకూడదు. అది చిన్నదేమీ కాదు.

మర్నాడు పొద్దున

చెరువు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మా బిడ్డ నా ఫోన్ చూసింది. అప్పుడు దానికి ఏడేళ్లు, చిన్నోడికి నాలుగు. పొద్దున నీళ్లలో దిగగానే, ఇంకా ఏమీ అర్థం కాకముందు, నా కాళ్ల దగ్గరికొచ్చిన ఎర్ర పిల్లలను వీడియో తీశాను. ఇద్దరూ అదే పదిసార్లు చూశారు. "వీటి మమ్మీ ఏది?" అంది బిడ్డ. "లోపలున్నది, కనవడది" అన్నాను. నమ్మేశారు. నా పిల్లలకు నేను చెప్పింది ఎప్పుడూ అనుమానంగా ఉండదు. ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది అదే. వీళ్లు పెద్దయ్యేసరికి ఏ నెలలో వాన పడుతుందో, ఏ చేప, ఏ పిట్ట మిగులుతుందో నాకు తెలియదు. వాళ్లకు ఆ లోకాన్ని నేను సరిచేసి ఇవ్వలేను. లోపలున్నది, కనపడదు అని మాత్రం చెప్పకుండా ఉండగలను.

పొద్దున జడ వేస్తూ చెప్పాను.

"నిన్న వాటి మమ్మీ ఏదని అడిగినవు గదా. లోపల ఉన్నదని అబద్ధం చెప్పిన. లేదు. దాన్ని పట్టి అమ్మేసిండ్రు. పట్టుండ్రి అని చెప్పింది నేనే."

జడ నా చేతిలో ఉండగానే తల తిప్పింది. "ఎందుకు చెప్పినవ్?"

"పిల్లలు పుట్టినయని తెల్వక. బాలమ్మ అవ్వ చెప్పింది. నేను నమ్మలే."

చిన్నోడు పాలగ్లాసు కింద పెట్టాడు. "మరి వాటిని పిట్ట తింటదా?"

"తింటది."

"అన్నింటినా?"

"తెల్వదు నాన్నా. ఇంకో రెండు గుంపులున్నయి. వాటికి కావలి ఉంది. వాటినన్న పట్టొద్దని అడగనీకి ఇయ్యాల పోతున్న. తప్పు నాదే అని ముందు చెప్పాలె, అప్పుడే వాళ్లు వింటరు. తిడ్తరేమో."

"తిడితే ఏడుస్తవా?" అంది బిడ్డ.

"ఏడుస్తనేమో. అయినా చెప్పే వస్త. మీరు డాడీతోని తిని పడుకోండ్రి. వాళ్లు ఒప్పుకున్నరో లేదో రేపు పొద్దుగాల చెప్త. ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదనే చెప్త."